చీరల కొట్టుకి వెబ్‌సైట్: డెవలపర్‌కి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక నోటు పుస్తకం కొనండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారు మంగళగిరిలో పాతికేళ్లుగా చేనేత చీరల కొట్టు నడుపుతున్నారు, దానికిప్పుడు వెబ్‌సైట్ పెట్టాలి. ఒకాయన పాతిక వేలన్నాడు, ఇంకో కంపెనీ లక్షా నలభై వేలంది. ఎవరికివ్వాలి, చూసేవాళ్లకి ఇబ్బంది లేకుండా ఉండాలంటే సైట్లో ఏమేం ఉండాలి.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఇద్దరికీ ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. ఇరవై రూపాయలు పెట్టి ఒక నోటు పుస్తకం కొని కౌంటరు మీద, ఫోను పక్కన పెట్టండి. రెండు వారాలపాటు ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ కొట్లోనూ జనం అడిగే ప్రతి ప్రశ్నా అందులో రాయండి. మీ మాటల్లో కాదు, వాళ్లు అడిగిన మాటల్లోనే. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలకి, ఫోన్ తెర మీద వేలు రెండు మూడుసార్లు కదిపేలోపు జవాబు దొరికితే అది మంచి సైట్. దొరక్కపోతే లక్షన్నర పోసినా కాదు. రంగులు, లోగో, జరిగే బొమ్మలు, అవన్నీ దీని తరవాతి మాట.

నా సంగతి కొంచెం. విజయవాడలో పద్నాలుగేళ్లుగా చిన్న వ్యాపారాలకి సైట్లు చేస్తున్నాను. స్వీటు షాపులు, విత్తనాల డీలర్లు, ఒకటి రెండు ఆసుపత్రులు, చీరల కొట్లు ఆరో ఏడో. మొదట్లో చేసినవి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. 2012లో ఒక బట్టల షాపుకి ఫ్లాష్‌లో, అంటే కదిలే బొమ్మలు చేసే అప్పటి సాఫ్ట్‌వేర్‌లో, సైట్ చేశాను. తెరవగానే గంట మోగి, దీపం వెలిగి, షాపు పేరు ఒక్కో అక్షరంగా వచ్చేది. యజమాని మురిసిపోయి స్వీట్ల డబ్బా పంపించాడు. అమెరికాలో ఉన్న వాళ్ల అల్లుడు ఐఫోన్‌లో తెరిస్తే ఖాళీ పెట్టె కనబడింది. ఐఫోన్‌లో ఫ్లాష్ ఆడదన్న సంగతి నాకు తెలుసు, కానీ 'చీరలు ఎవరు ఫోన్‌లో కొంటారులే' అనుకున్నాను. ఆ దీపం చూసి చీర కొన్నవాళ్లు ఒక్కరూ లేరు. సైట్లో నంబరెక్కడుందో కనబడక యజమాని బావమరిదికే ఫోన్ చేసి అడిగినవాళ్లు మాత్రం ఉన్నారు.

ఇక నోటు పుస్తకం. పోయినేడాది ఒక చీరల కొట్టువాళ్లతో ఇలాగే రాయించాను. వచ్చినవి దాదాపు ఇవీ: "ఫోటోలో ఉన్న రంగే వస్తుందా?" "జాకెట్టు ముక్క చీరలోనే ఉందా, విడిగా కొనాలా?" "ఉతికితే రంగు దిగుతుందా?" "ఇది మగ్గం మీద నేసిందేనా, పవర్‌లూమా?" "అంచు ఎంత వెడల్పుంటుంది?" "మా ఊరికి ఎన్ని రోజుల్లో వస్తుంది?" "నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?" "ఆదివారం తెరిచే ఉంటారా?" ఇంకా ఒకటి, ఇది నాకు భలే నచ్చింది: "పెట్టుబడి చీరలు పది కావాలి, అన్నీ ఒకే ధరలో, రంగులు మాత్రం వేరేవి, ఉన్నాయా?"

"మీ విజన్ ఏంటండీ" అని ఒక్కరూ అడగలేదు. మీకొచ్చిన రెండు కొటేషన్లూ మీరు పెట్టారు కదా, రెండింట్లోనూ 'మా విజన్', 'మా మిషన్' అని పేజీలున్నాయి. చీర ఉతికే పద్ధతికి మాత్రం చోటు లేదు. ఆ పెట్టుబడి చీరల ప్రశ్న చూశాక మేం ఆ సైట్లో 'పెట్టుబడికి' అని ఒక విభాగమే పెట్టాం. ధర ఎంచుకుని, ఎన్ని కావాలో చెబితే, వేరువేరు రంగులు కలిపి కొట్టువాళ్లే ఫోటో తీసి పంపిస్తారు. ఇప్పుడు వాళ్లకి ఎక్కువ ఆర్డర్లు వస్తున్నది దాన్నుంచే. ఇలాంటిది ఏ డెవలపర్ బుర్రలోంచీ రాదు, నా బుర్రలోంచీ రాలేదు.

మొదటి పేజీ. కొట్లోకి మనిషి రాగానే గుమస్తా ఏం చేస్తాడు? కూర్చోమని, ఎందుకు కావాలి, ఎంతలో కావాలి అని అడుగుతాడు. మొదటి పేజీ పని కూడా అంతే. పైన కొట్టు పేరు, ఊరు, ఏం అమ్ముతారో ఒక్క వాక్యం. దాని కిందే దారులు: నూలు చీరలు, పట్టు చీరలు, డ్రెస్ మెటీరియల్, పెట్టుబడి చీరలు. ధరను బట్టి దారి కూడా అక్కడే ఉండాలి, రెండు వేలలోపు, రెండు నుంచి ఐదు వేలు, ఆపైన అని. చాలామంది రంగు కంటే ముందు ధర చూస్తారు, పైకి మాత్రం చెప్పరు.

ఆ పైన జరుగుతూ ఉండే పెద్ద బొమ్మల వరుస ఉంటుందే, అది వద్దు. నాకు దానిమీద పాత పగ ఉంది. మొదటి బొమ్మ తరవాత జనం ఆగి చూడరు, చూద్దామనుకున్న బొమ్మ మీద వేలు పెట్టేలోపు అది జరిగిపోతుంది. యజమానులకి మాత్రం అది లేకపోతే సైట్ బోసిగా ఉన్నట్టనిపిస్తుంది. మీ నాన్నగారు పట్టుబడితే ఒక్క బొమ్మే పెట్టి, అది కదలకుండా ఒప్పించండి.

ఫోన్ నంబరు, వాట్సాప్ బటన్ ప్రతి పేజీలోనూ కనబడాలి. నంబరు మీద వేలు పెడితే ఫోన్ కలవాలి. ఇది చిన్న పని, డెవలపర్‌కి అర నిమిషం పట్టదు. అయినా పోస్టరు బొమ్మలోనే నంబరు కలిపేసి పెట్టిన సైట్లు ఇప్పటికీ వారానికొకటి నా కంటబడతాయి. ఆ నంబరు నొక్కలేం, కాపీ చేసుకోలేం, కాగితం మీద రాసుకుని మళ్లీ కొట్టుకోవాలి. వాట్సాప్ బటన్ విషయంలో ఒక కిటుకు: చీర పేజీలోంచి నొక్కితే, ఆ చీర నంబరు మెసేజ్‌లో ముందే రాసి ఉండేట్టు చేయించండి. లేకపోతే "ఆ నీలం చీర ఎంతండీ" అని వస్తుంది. మీ దగ్గర నీలం చీరలు నలభై ఉంటాయి.

ఫోటోలు. మీ సైట్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. మంగళగిరి చీరలో ఒళ్లంతా చాలామటుకు సాదాగా ఉంటుంది. అందం అంచులో, కొంగులో. అలాంటి చీరని బొమ్మకి చుట్టి దూరం నుంచి నిలువు ఫోటో తీస్తే ఏం కనబడుతుంది? ఒక రంగు గుడ్డ. నిజాం అంచులో గోపురాల వరస కనబడాలంటే దగ్గరగా, జరీ మీద వెలుతురు పక్కనుంచి పడేట్టు తీయాలి. చీరకి కనీసం నాలుగు ఫోటోలు: మడత విప్పి మొత్తం, అంచు దగ్గరగా, కొంగు, జాకెట్టు ముక్క. అంచు ఫోటోలో పక్కన ఒక రూపాయి బిళ్లో, అరచెయ్యో ఉంచితే వెడల్పు తెలుస్తుంది. అయినా అంగుళాల్లో కూడా రాయండి.

రంగు గొడవ పూర్తిగా పోదు, ఫోన్‌కో రకంగా కనబడుతుంది. తగ్గించొచ్చు. ట్యూబులైటు కింద తీయకండి. ఉదయం తొమ్మిది, పది మధ్య ఎండ నేరుగా పడని వరండాలో, వెనక తెల్లటి గుడ్డ పెట్టి, ప్రతి చీరా అదే చోట తీయండి. తరవాత ఫోన్‌లో రంగు 'అందంగా' చేసే ఫిల్టర్లు వాడొద్దు. వాడితే వెనక్కొచ్చే పార్సిళ్లు పెరుగుతాయి, నేను చూశాను.

ఇంకో మాట. రంగుల పేర్లు మన పేర్లే రాయండి. వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, మెంతి రంగు, గంధం, కనకాంబరం. ఒక క్లయింటు సైట్లో ఎవరో కుర్రాడు 'మావ్', 'టీల్' అని పెట్టాడు. ఫోన్ చేసినవాళ్లు "టీల్ అంటే ఏంటమ్మా" అని అడిగేవాళ్లు. నెమలికంఠం అంటే ఫోటో కాస్త అటూ ఇటూ ఉన్నా మనసులో రంగు కరెక్టుగా పడుతుంది. ఇంగ్లీషు పేరు కూడా పక్కన పెట్టండి, బెంగళూరు, ముంబై వాళ్లూ కొంటారు కదా.

ఫోటో బరువు సంగతి మర్చిపోవద్దు. ఈ రోజుల్లో ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలుంటుంది. పేజీకి పన్నెండు చీరలు పెట్టి అవి అలాగే ఎక్కిస్తే యాభై అరవై ఎంబీలు. బస్సులో కూర్చుని చూసే మనిషికి ఆ పేజీ తెరుచుకోదు. సైట్లోకి ఎక్కించేటప్పుడే దానంతటదే చిన్నదిగా, వెబ్‌పి లాంటి తేలిక ఫార్మాట్‌లోకి మారేట్టు చేయించాలి. జాబితాలో కనబడే బొమ్మ వంద కేబీ లోపు సరిపోతుంది, పెద్దది చేసి చూసేటప్పుడు మాత్రం బరువైనది రావాలి. పేజీలో ముఖ్యంగా కనబడాల్సిన బొమ్మో, అక్షరాలో 2.5 సెకన్లలోపు వచ్చేయాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని గూగుల్‌దే ఒక ఉచిత పరీక్ష ఉంది, అడ్రస్ కొడితే సైట్ ఎంత నిదానమో చెబుతుంది. డెవలపర్ పాత సైట్లు రెండు అందులో పెట్టి చూడండి. కొటేషన్ చదవడం కంటే మీకదే ఎక్కువ చెబుతుంది.

చీర పేజీలో ఉండాల్సినవి చకచకా చెప్పేస్తాను: ధర (పన్ను కలిపి), పొడవు, జాకెట్టు ముక్క ఎంత, నూలా పట్టా, జరీ ఎలాంటిది, ఉతికే పద్ధతి, ఏ ఊరికి ఎన్ని రోజులు, వెనక్కి తీసుకునే షరతులు. 'ధర కోసం సంప్రదించండి' అని మాత్రం రాయకండి. బేరం ఆడేవాళ్లు ఎలాగూ ఆడతారు, మొహమాటస్తులు మాత్రం పేజీ మూసేసి పోతారు.

స్టాకు. ఇది ఎవరూ ముందు చెప్పరు, మూడో నెలలో తెలుస్తుంది. మిల్లు బట్టలైతే ఒకే చీర వందుంటాయి. మీ దగ్గర ఒక రంగు కలయికలో రెండో మూడో ఉంటాయి. సైట్లో ఉన్న చీరని మధ్యాహ్నం కొట్లో మీ గుమస్తా అమ్మేస్తాడు, సాయంత్రం ఢిల్లీలో ఒకావిడ దానికే డబ్బు కడుతుంది. ఇలా రెండుసార్లు జరిగితే ఆవిడ మళ్లీ రాదు. ఎంత బాగా డిజైన్ చేసినా ఈ ఒక్కదానితో పోతుంది. దారి ఏంటంటే, సైట్లో పెట్టిన చీరలకి వేరే రంగు చీటీ కట్టి, విడిగా ఒక బీరువాలో పెట్టడం. అందులోంచి కొట్లో అమ్మితే వెంటనే ఫోన్‌లో తీసేయాలి. అందుకే 'అమ్ముడైంది' అని మార్చడం ఫోన్‌లో రెండు నొక్కుల పని అయ్యుండాలి. కంప్యూటర్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ఐదు పేజీలు దాటాలంటే రద్దీ రోజున ఎవరూ చెయ్యరు. వాడుకకి అనువుగా ఉండటమంటే కొనేవాళ్లకి మాత్రమే కాదు, రోజూ సరుకు ఎక్కించే మీ వాళ్లకి కూడా.

ఇక డెవలపర్లు "ఇప్పుడే 17 మంది ఈ చీర చూస్తున్నారు", "ఇంకా 9 నిమిషాలే ఆఫర్" అని గడియారాలు పెడతామంటారు. వద్దనండి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి మాయలు 13 రకాలు గుర్తించి నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బిల్లులో కలిపేయడం, చివర్లో చార్జీలు బయటపెట్టడం అందులో ఉన్నాయి. మీకు అబద్ధం చెప్పే అవసరం కూడా లేదు కదా. నిజంగానే ఒక్క చీరే ఉంటే 'ఇది ఒక్కటే ఉంది' అని రాయండి, చేనేత సంగతి తెలిసినవాళ్లు నమ్ముతారు.

తెలుగు అక్షరాలు. సైట్ తెలుగులో పెట్టాలా ఇంగ్లీషులోనా అంటే, రెండూ. పైన ఒక బటన్ నొక్కితే మారాలి. అది నొక్కగానే మొదటి పేజీకి పోకుండా, ఉన్న పేజీయే ఆ భాషలో రావాలి. తెలుగు విషయంలో మూడు చిక్కులు నాకు పదే పదే ఎదురయ్యాయి.

ఒకటి, ప్రెస్సువాళ్లు డీటీపీలో కొట్టిచ్చిన పాత కరపత్రం మ్యాటరు తెచ్చి సైట్లో అతికించడం. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోనైనా, కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, తెర మీద పిచ్చి గీతలొస్తాయి. మళ్లీ కొట్టించుకోవాలి, లేదా మార్చే సాఫ్ట్‌వేర్‌తో మార్చి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. దాన్ని బొమ్మగా పెట్టేద్దామంటారు కొందరు. బొమ్మలో ఉన్న అక్షరాలు వెతుకులాటలో సరిగా దొరకవు, చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించలేదు, చిన్న తెర మీద చీమల్లా ఉంటాయి.

రెండు, వరుసల మధ్య దూరం. ఇంగ్లీషుకి సరిపోయే దూరం తెలుగుకి చాలదు, మనకి పైన గుళ్లు, కింద ఒత్తులు. తెలుగు రాని డెవలపర్ అయితే ఒత్తులు సగానికి తెగినా గమనించడు. 'వస్త్రాలు', 'స్త్రీలకు' లాంటి మాటలు పెద్ద అక్షరాల్లో వేయించి, కింది ఒత్తు పూర్తిగా కనబడుతోందో లేదో చూడండి. అక్షరం సైజుకి 1.6, 1.7 రెట్లు వరుస ఎత్తు ఉంటే నాకు ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు చాలు.

మూడు, అనువాదం. బటన్ల మీద యంత్రం చేసిన తెలుగు పెట్టకండి. ఒక సైట్లో 'కార్ట్' (కొనబోయే సరుకు వేసుకునే బుట్ట) అన్నదానికి 'బండి' అని పడింది, 'బండికి జోడించు' అట. ఎద్దులనా? 'కొంటాను', 'తీసి పక్కన పెట్టండి' అని మేం మార్చాం. జనం కొట్లో అనే మాట అదే.

వెతికే పెట్టె గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మనవాళ్లు తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. 'చీర' ఒక్కదాన్నే నలుగురు నాలుగు స్పెల్లింగులతో రాస్తారు, 'మంగళగిరి'లో 'ళ'కి ఎవరి దారి వాళ్లది. అన్నిటికీ ఫలితం వచ్చేట్టు మారు మాటల జాబితా డెవలపర్‌కి మీరే రాసివ్వాలి. నోటు పుస్తకం, వాట్సాప్ పాత మెసేజీలు ఇందుకు పనికొస్తాయి. 'ఏమీ దొరకలేదు' అని ఖాళీ పేజీ చూపించడం కంటే నంబరు చూపించి 'మాకు ఫోన్ చేయండి' అనడం నయం.

అడ్రస్ ఫారం. కొనాలని నిర్ణయించుకున్న మనిషి పారిపోయేది ఇక్కడే. మన తలుపు నంబర్లలో గీతలు, వాలు గీతలు ఉంటాయి, '5-87/2ఏ' లాగా. చాలా ఫారాలు వాలు గీతని తప్పంటాయి. ఇంటిపేరు ఒక్క అక్షరం రాస్తే 'పేరు మరీ చిన్నది' అంటాయి. ముందు పేరు, చివరి పేరు అని రెండు గళ్లు అసలెందుకు? 'పేరు' అని ఒకే గడి పెట్టండి, ఎలా రాసుకుంటే అలా. 'గుర్తు' అని ఒక గడి ఉండాలి, రామాలయం వెనక, వాటర్ ట్యాంకు ఎదురు అని రాసుకోవడానికి. పిన్ కోడ్ కొట్టగానే జిల్లా, రాష్ట్రం దానంతటవే పడితే సగం టైపింగు తగ్గుతుంది. ఎక్కౌంటు తెరిస్తేనే కొననిస్తాం అనొద్దు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి అమ్మాలనుకుంటే ఇంకో సంగతి. నేను చేసిన ఒక సైట్లోనే డల్లాస్ నుంచి ఒకావిడ మూడుసార్లు ప్రయత్నించి వదిలేసింది. కారణం, పిన్ కోడ్ ఆరంకెలు ఉండాలని నేను పెట్టిన నిబంధన. అమెరికాలో జిప్ కోడ్ ఐదంకెలు. పైగా ఓటీపీ ఇండియా నంబర్లకే వెళ్లేది. ఆవిడ వాళ్లమ్మగారికి చెబితే, ఆ అమ్మగారు గుంటూరు నుంచి కొట్టుకి ఫోన్ చేసి తిట్టారు, అలా తెలిసింది. తిట్టకుండా ఊరుకున్నవాళ్లు ఎంతమందో మరి.

డబ్బు కట్టే దగ్గర యూపీఐ మొదట ఉండాలి, కార్డులు తరవాత. కొరియర్ చార్జీ ఎంతో చీర పేజీలోనే చెప్పేయండి. చివరి మెట్టులో బయటపడితే కొన్నది రద్దు చేస్తారు. క్యాష్ ఆన్ డెలివరీ మొదట్లో పెట్టొద్దని నా సలహా. తీసుకోకపోతే రానూపోనూ చార్జీలు మీవే, ఆ చీర పదిరోజులు రోడ్ల మీద ఉంటుంది, ఇంకొకరికి అమ్మలేరు.

చట్టం ప్రకారం కూడా కొన్ని ఉండాలి. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు 2020లో వచ్చాయి. వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫోను, ఫిర్యాదులు చూసే మనిషి పేరు సైట్లో స్పష్టంగా ఉండాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇది భారం అనుకోకండి, ముక్కూమొహం తెలియని కొట్టుకి మూడు వేలు పంపేవాళ్లు మొదట వెతికేది చిరునామానే. కొట్టు ముందు నిలబడి నాన్నగారి ఫోటో ఒకటి తీసి అక్కడ పెట్టండి. అద్దెకు తెచ్చిన మోడల్ ఫోటో కంటే అది పనిచేస్తుంది.

అక్షరాల రంగు ఒకటి మర్చిపోయాను. చీరల కొట్లవాళ్లకి మెరూన్ మీద బంగారం రంగు, లేదా లేత గంధం మీద బంగారం అంటే ప్రాణం. మొదటిది ఫర్వాలేదు, రెండోది ఎండలో అసలు కనబడదు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం, దాన్ని కొలిచే ఉచిత పేజీలున్నాయి. బటన్లు వేలికి సరిపడా, దాదాపు 9 మిల్లీమీటర్లన్నా ఉండాలి. మీ కొనుగోలుదార్లలో యాభై దాటినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లు కళ్లజోడు పక్కగదిలో పెట్టి ఫోన్ చూస్తారు.

పరీక్ష. సైట్ సిద్ధమయ్యాక, జనానికి చెప్పే ముందు, సైట్ల గోల తెలియని ఐదుగురిని కూర్చోబెట్టండి. వెబ్‌సైట్లు జనానికి ఎంత అనువుగా ఉన్నాయో పరిశోధించే జాకబ్ నీల్సన్ అనే ఆయన 2000లోనే రాశాడు, పెద్ద తప్పుల్లో చాలామటుకు బయటపడటానికి ఐదుగురు చాలని. నా అనుభవంలో ముగ్గురికే చెమటలు పడతాయి, మనకి. ఫోన్ చేతికిచ్చి "వ్రతానికి రెండు వేలలోపు చీర కొను పిన్నీ" అనాలి, అంతే. తరవాత నోరు మూసుకోవాలి. ఇది మహా కష్టం. "అదిగో అక్కడ నొక్కు" అని నాలిక చివరిదాకా వస్తుంది. అనకూడదు.

మా పిన్నితో చేసినప్పుడు చీర బొమ్మ మీద నొక్కింది, ఏమీ కాలేదు. కింద చిన్న 'వివరాలు' అన్న మాటకే లింకు ఉంది. మూడుసార్లు నొక్కి "మీ ఫోన్ పాడైందిరా" అంది. తరవాత ఎలాగో లోపలికి వెళ్లి, నచ్చక వెనక్కి నొక్కితే, అప్పటిదాకా చూసిన నలభై చీరలూ పోయి జాబితా మళ్లీ మొదటికొచ్చింది. ఫోన్ బల్లమీద పెట్టేసి "షాపుకే వెళ్దాం పద" అంది. నేను, మా డెవలపర్ కుర్రాడు నెలన్నర చూసిన సైట్ అది. మా ఇద్దరికీ ఎక్కడ నొక్కాలో తెలుసు కాబట్టి తప్పు నొక్కు నొక్కలేదు, అందుకే ఒక్కసారీ కనబడలేదు. పరీక్ష ఖరీదైన ఫోన్‌లో కాకుండా, పదివేల ఫోన్‌లో, వైఫై ఆపేసి చేయండి.

ఇప్పుడు ఎవరికివ్వాలి అన్న మాట. ధర పక్కన పెట్టి ఇద్దర్నీ ఇవే అడగండి. డొమైన్, అంటే సైట్ అడ్రస్, ఎవరి పేరున కొంటారు? మీ పేరున, మీ ఈమెయిల్‌తో ఉండాలి. ఏడాదికి వెయ్యీ పదిహేను వందల సంగతి, కానీ డెవలపర్ పేరున ఉండి, తరవాత మాట పడక, పదేళ్ల పేరుని పోగొట్టుకున్న కొట్టు నాకు తెలుసు. కొత్త చీర మేమే ఫోన్ నుంచి ఎక్కించగలమా, ఇప్పుడే నా ముందు చేసి చూపిస్తారా? రెండో ఏడాది నుంచి దేనికెంత కట్టాలి? శ్రావణ మాసంలో రాత్రి పదింటికి సైట్ ఆగిపోతే ఎవరు ఫోన్ ఎత్తుతారు? పాతిక వేలాయన వీటికి సరిగా చెబితే ఆయనకే ఇవ్వండి. లక్షా నలభై వేలలో ఎక్కువ భాగం, కొటేషన్ చూస్తే, మీకు అక్కర్లేని యానిమేషన్లకీ యాప్‌కీ పోతోంది. యాప్ ఇప్పుడొద్దు. ఏడాదికి రెండు చీరలు కొనే మనిషి మీ యాప్ ఫోన్‌లో ఉంచుకోదు.

అసలు నన్నడిగితే మొదటి ఆరు నెలలు కార్ట్ కూడా వద్దు. చీరలు, ధరలు, చీర నంబరుతో వాట్సాప్ బటన్, కొట్టుకి దారి చూపే మ్యాపు. డబ్బు యూపీఐలో. గూగుల్‌లో కొట్టు ప్రొఫైల్ ఉచితం, అందులో వేళలు, సెలవులు సరిగా పెట్టుకోండి. వారానికి పది పదిహేను పార్సిళ్లు తడబడకుండా కట్టి పంపడం మీ వాళ్లకి అలవాటయ్యాక, సైట్లోనే కొనే ఏర్పాటు కలపొచ్చు. ముందే ఆ సంగతి డెవలపర్‌కి చెప్పి ఉంచితే తరవాత గోడలు పగలగొట్టక్కర్లేదు. మీ కొట్టు వారానికి యాభై పార్సిళ్లు ఇప్పటికే పంపుతుంటే మాత్రం ఈ పేరా మీకు వర్తించదు, నేరుగా కార్ట్‌తోనే మొదలెట్టండి.

రెండు వారాల తరవాత నోటు పుస్తకం పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, మనుషుల పేర్లూ నంబర్లూ కొట్టేసి. మొదటి పేజీలో ఏది పైన రావాలో చూసి చెబుతాను. రాసే పని మీరొక్కరే పెట్టుకోకండి, నాన్నగారికీ గుమస్తాకీ చెరో పెన్ను ఇవ్వండి. ఫోన్లెత్తేది వాళ్లే కదా.